మందు పట్టించిన లెక్కల పుస్తకం

మా నాయనకు ఒక కట్టుబాటు ఉండేది. పంట పోయిన ఇంటి వస్తువు మా గడప దాటి లోపలికి రాకూడదు. పుంగనూరు పక్క పల్లెలో మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పురుగులకు తెగులు వచ్చి ఎవరి పంటైనా పోయిందని తెలిస్తే, ఆ ఇంటి నుంచి తట్ట తేకూడదు, కత్తి తేకూడదు, పురుగులు గూళ్లు కట్టుకునే వెదురు చంద్రికలు అసలే తేకూడదు. ఆ ఇంటి మనిషి వస్తే వాకిట్లోనే మంచం వేసి, నీళ్లు అక్కడే ఇచ్చి, అక్కడి నుంచే పంపేసేవాడు. సొంత చెల్లెలు వచ్చినా అంతే. తెగులు చేతుల మీద వస్తుంది, కాళ్ల మీద వస్తుంది, చీర కుచ్చిళ్ల మీద కూడా వస్తుందనేవాడు. కాలేజీకి పోతున్నానన్న పొగరుతో నేను దాన్ని చాదస్తం అనుకునేదాన్ని. సెరికల్చర్ ఆఫీసు వాళ్లు చెప్పేదీ అదేనని తర్వాత తెలిసింది.

తొంభైల మొదట్లో నేను ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల్లో తప్పాను. మిగతావన్నీ గట్టెక్కాయి, లెక్కలు ఒక్కటే మిగిలింది. నాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పురుగుల ఇంటి తలుపు దగ్గర నిలబడి, "సెప్టెంబరుకు కట్టుకో పాపా. ఈతూరి గట్టెక్కితే నీ ఇష్టం వచ్చినంత సదువుకో. లేదంటే ఇంగ పుస్తకాలొద్దు, పురుగులు సూసుకో" అన్నాడు. ఎరువు ఎప్పుడు తోలాలో చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆయన ఏ మాటా రెండోసారి చెప్పే మనిషి కాదు.

ఆ పురుగుల ఇల్లంటే నాకు భయం. కిటికీలకు గోనెపట్టలు కట్టి చీకటిగా ఉండేది. బ్లీచింగ్ వాసన, తడి ఆకు వాసన కలిసి గొంతులో పట్టుకునేవి. పెద్ద మేత రోజుల్లో వేలాది పురుగులు ఒక్కసారిగా మల్బరీ ఆకు తింటుంటే, బయట ఎండ కాస్తున్నా లోపల వాన పడుతున్నట్టు చప్పుడు. మా అమ్మ ఆ వానలోనే ముసలిదైపోయింది. సెప్టెంబరులో తప్పితే నేనూ ఆ తలుపులోకి పోతాను, ఇక బయటికి రాను. ఆ ఎండాకాలమంతా నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

ఇంట్లో కూర్చుని ఒంటరిగా చదువుకోవాలంటే పుస్తకాలు కావాలి. పుస్తకాలు ఎంచే పని నాయనే మీదేసుకున్నాడు. ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే: ఎవరి ఇంటి నుంచి వస్తోంది అని చూడటం. "తప్పినోళ్ల పుస్తకం ముట్టుకోవాకు. పాసైన చెయ్యి పట్టిన పుస్తకమే మనింట్లోకి రావాల" అన్నాడు. చంద్రికల చట్టం లెక్కల పుస్తకానికి కూడా వచ్చి పడింది. పుంగనూరులో ఎరువుల అంగడి ఆయన కొడుకు ఫస్ట్ క్లాసులో పాసయ్యాడని వాళ్లింటికి పోయి గైడు తెచ్చాడు. కంట్రాక్టరు కూతురు గైడు తెచ్చాడు. ఎవరెవరివో గైడులు తెచ్చి నా ముందు పోశాడు.

అవన్నీ ఒక తల్లి పిల్లలే. ఏ గైడు తీసినా నాలుగైదు పాఠాల పేజీలు నలిగి ఉండేవి, మిగతావి అంటుకునే ఉండేవి. ఆ పాసైన చేతులు ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ కొట్టి, ట్యూషన్ అయ్యవారి దయతో ఒడ్డెక్కిన చేతులు. లెక్క ఇచ్చిన వెంటనే గైడు వాడు "ఎక్స్ బదులు టాన్ తీటా అనుకొనుము" అనేవాడు. ఎందుకు అనుకోవాలి? పక్కనున్న సైను తీటాకేం తెగులు? దానికి జవాబు లేదు. రెండు వరుసలు దాటితే "ఇది స్పష్టము" అని ఉండేది. ఎవరికి స్పష్టమో వాడికే తెలియాలి. మార్చిలో నేను గుడ్డెద్దు చేలో పడినట్టు వాటి మీద పడి చదివే తప్పాను. మళ్లీ అవే చదివితే మళ్లీ అదే జరుగుతుందని నాకు స్పష్టంగా తెలుసు. గైడులో ఉన్న స్పష్టాల కంటే అది బాగా స్పష్టం.

ఒకరోజు నాయన పట్టుగూళ్లు అమ్మడానికి మదనపల్లె మార్కెట్టుకు పోతుంటే ఏడ్చి నేనూ వెంట పోయాను. ఆయన వేలం దగ్గర ఉన్నంతసేపూ నన్ను పుస్తకాల అంగట్లో వదిలాడు. లావు పుస్తకాలు, మెరిసే అట్టలు, ఏది మంచిదో ఎలా తెలుస్తుంది? నా తలలో రాని లెక్క ఒకటి ముల్లులా ఉంది, ఆ టాన్ తీటా లెక్కే. ప్రతి పుస్తకం తెరిచి ఆ లెక్క వెతికాను. జవాబు చూడలేదు. అలా ఎందుకు మొదలుపెట్టాడో ఒక్క వాక్యమైనా రాశాడా అని చూశాను. అంగడాయన కాసేపు ఓర్చుకుని, "ఏమ్మా, చీర ఎంచుతాండావా, పుస్తకం ఎంచుతాండావా? అన్నింట్లోనూ ఒకటే లెక్కమ్మా" అన్నాడు.

"లెక్క ఒకటేనప్పా. యాల అట్ల చేసినాడో రాసినోడు ఒక్కడూ లేడు" అన్నాను.

"యాల అని అడిగితే పరీక్షలో మార్కులియ్యరమ్మా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఒట్టి చేతులతో బస్సెక్కాను. నాకు సరిపోయే పుస్తకం లోకంలో లేదేమో, ఉన్నా అది నా దాకా రాదేమో అని దారి పొడుగునా దిగులు.

ఆ నెలలోనే కుప్పం పక్కన గుడుపల్లె నుంచి కబురు వచ్చింది. అక్కడ మా మేనత్త ఇల్లు. వాళ్ల పంట మొత్తం తెగులుకు పోయింది. మనిషి పోయిన ఇంటికి పోయినట్టే పంట పోయిన ఇంటికీ పరామర్శకు పోవాలి. అప్పుడు మా ఇంట్లో పురుగులు లేవు గనక నాయన నన్ను తీసుకుని బయల్దేరాడు. అక్కడికి పోయాక అరుగు మీద కూర్చున్నాడే గానీ లోపల అడుగు పెట్టలేదు. అత్త గడపలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

నేను పెరట్లోకి పోయాను. అక్కడ అత్త కూతురు, నాకు వదిన, చచ్చిన పురుగుల్ని ఊడ్చి సున్నం గుంతలో పోస్తోంది. ఆ తెగులు వస్తే పురుగు తెల్లగా గట్టిపడిపోతుంది. చీపురు కింద అవి సుద్దముక్కల్లాగా టకటకమంటున్నాయి. వదిన నాకంటే కొంచెం పెద్దది. ఆమె కూడా లెక్కల్లోనే తప్పి, చదువు మానేసి రెండేళ్లయింది. మొద్దు అని మా బంధువుల్లో పేరు పడింది. మాట తక్కువ. ఆమె చూపు మీద పడితే నాకు ఎందుకో బెదురు పుట్టేది.

"నువ్వూ తప్పినావంట గదా" అంది చీపురు ఆపకుండా. ఔనన్నాను. "యా పుస్తకం సదువుతాండావు?" గైడుల సంగతి చెప్పాను. టాన్ తీటా సంగతి చెప్పాను. చీపురు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, లోపలికి పోయి అట్ట లేని పుస్తకం ఒకటి తెచ్చింది. కుప్పంలో పాత కాగితాల అంగట్లో, పొట్లాల కోసం పెట్టుకున్న కట్టలో దొరికిందట. మొదటి పేజీలు ఏ శనక్కాయల పొట్లాలైపోయాయో గనక రాసినాయన పేరు కూడా లేదు.

ఆ లెక్క తీసి చూశాను. ముందు తప్పు దారిలో చేసి చూపించాడు. "ఇలా పోతే లెక్క పెరుగుతుందే గాని తరగదు, ఇక్కడ ఆగుదాం" అని రాశాడు. తర్వాత, వర్గమూలం కింద రెండు పదాలుండటమే మన కష్టం, రెండూ కలిసి ఒకే వర్గమయ్యే చోటు మనకు ఇంతకు ముందే తెలుసు, గుర్తు తెచ్చుకోండి అన్నాడు. గుర్తొచ్చింది. ఒకటికి టాన్ స్క్వేరు కలిపితే సీకెంట్ స్క్వేరు. పదో తరగతిలో నేర్చుకున్న ముక్కే. ఆ సున్నం గుంత పక్కన నిలబడి నేను గట్టిగా నవ్వేశాను. అంత సంతోషం నాకు ఆ ఏడాదిలో ఇంకెప్పుడూ కలగలేదు.

"మీ నాయన గుడ్లు ఎప్పుడు తెస్తాండాడు?" అంది వదిన.

పట్టుపురుగుల గుడ్లు. ఆ మాట ఇప్పుడెందుకో అర్థం కాలేదు. పరీక్షకు ముందే ఇంకో పంట పెడతాడన్నాను. ఆమె నా మొహం వైపు చాలాసేపు చూసింది. ఆ చూపుకు నా నవ్వు ఆగిపోయింది.

పుస్తకం పట్టుకుని అరుగు దగ్గరికి పోతే నాయన లేచి నిలబడ్డాడు. తప్పిన చెయ్యి, పైగా పంట పోయిన ఇల్లు. "ఆడ పెట్టు పాపా. అది మనకొద్దు" అన్నాడు.

వదిన నా వెనకాలే వచ్చింది. ఎన్నడూ గొంతెత్తని మనిషి వీధంతా వినబడేలా అంది: "చంద్రికలకైతే మందు పట్టించి వాడుకుంటారు గదా మామా, పుస్తకానికీ పట్టించుకోండి. అయినా ఒక మాట. ఇది చెడ్డ పుస్తకం. ఇది పట్టిన చేత్తో పాపను పురుగులింట్లోకి రానియ్యొద్దు. ఆకు గూడా ముట్టనియ్యొద్దు. నేను ముట్టినందుకే మా గతి ఇట్లయింది, సూస్తాండారు గదా."

నా కడుపు మండిపోయింది. ఇచ్చినట్టే ఇచ్చి అందరి ముందూ ఆ మాట అనాలా? నాయన మొహం నల్లబడింది. ఏడుస్తున్న చెల్లెలి ముందు వద్దని పుస్తకం విసిరికొట్టలేడు. మందు పట్టిస్తే చంద్రికలు పనికొస్తాయని ఊరందరికీ చెప్పేది ఆయనే. వదిన ఆయన వేలితో ఆయన కన్నే పొడిచింది. పుస్తకాన్ని గోనెసంచిలో చుట్టి బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. ఇంటికొచ్చే దాకా దాన్ని చూస్తూనే ఉన్నాడు, అది కదులుతుందేమో అన్నట్టు.

పురుగుల ఇల్లు మూసి, తెగులు చచ్చేలా ఫార్మలిన్ మందు కొట్టే రోజున అమ్మ చంద్రికల మధ్య తాడు కట్టి, పుస్తకాన్ని నడిమికి తెరిచి దాని మీద ఆరేసింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని నాయన బయట గొణుగుతూనే ఉన్నాడు. తలుపులు తీశాక పుస్తకం బయటికొచ్చింది. పేజీలు ఉబ్బి, మందు వాసన కొడుతూ ఉంది. తెరిచినప్పుడల్లా కళ్లు మండి నీళ్లు కారేవి. నేను లెక్కలు చేస్తూ ఏడుస్తున్నానని ఊళ్లో చెప్పుకున్నారు.

నాయన శాసనం ఒకటే. ఆ పుస్తకం పశువుల కొట్టం పక్కనుండే పంచలోనే ఉండాలి. అది ముట్టిన నేను పురుగుల ఇంటి వైపు రాకూడదు, ఆకు కొయ్యకూడదు, తట్టలు తాకకూడదు. అంటరానిదాన్ని చేసినట్టు అవమానంగా ఉండేది. పొద్దున లేస్తే నాకు చదువు తప్ప పని లేదు. గుడ్లు వచ్చాయి, పిల్ల పురుగులు వచ్చాయి. నా వంతు పని కూడా అమ్మ మీద పడింది. నేను పంచలో కూర్చుని, ప్రతి లెక్కా ముందు తప్పు దారిలో పోయి, ఎక్కడ ఇరుక్కున్నానో చూసుకుని, వెనక్కి వచ్చి సరైన దారి పట్టుకునేదాన్ని. ఇరుక్కోవడం సిగ్గు కాదని ఆ పుస్తకం చెప్పింది. పరీక్షలో ఏ లెక్క వచ్చినా మొదలుపెట్టగలనన్న ధైర్యం మెల్లగా వచ్చింది. ఆ ధైర్యంతో పాటే అవతలి గదిలో వాన చప్పుడు రోజు రోజుకూ పెరిగింది.

పరీక్షల తేదీలు వచ్చేసరికి పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. పొర విడిచే ముందు మేత మానేసి పడుకోవడాన్ని జ్వరమంటారు. నాలుగోది అయ్యాక పెద్ద మేత, ఆ తర్వాత పండటం. పండిన పురుగు ఒళ్లు పసుపు తేలి, తల పైకెత్తి, గూడు కట్టే చోటు కోసం వెతుకుతుంది. వెంటనే ఒక్కొక్కటే ఏరి చంద్రికల్లో వెయ్యాలి. లేదంటే ఎక్కడ పడితే అక్కడ పట్టు కక్కి పాడైపోతుంది. ఆ రోజు ఇంట్లో ఎన్ని చేతులున్నా చాలవు. నేను తేదీ చూశాను, అమ్మ ఆకు చూసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

లెక్కల పరీక్ష రోజు పొద్దున అమ్మ పురుగుల ఇంట్లోంచి బయటికి వచ్చింది. "పండినాయి" అంది, అంతే.

ఊళ్లో అందరూ ఒకే రోజు గుడ్లు తెచ్చినవాళ్లు. ఎవరింట్లో పురుగులు వాళ్లకు పండాయి, కూలికి వచ్చే చెయ్యి లేదు. నేను తల దువ్వుకుని, చంకలో పుస్తకం పెట్టుకుని వాకిట్లో ఉన్నాను. నాయన నా వైపు వచ్చాడు. పనికి పిలవడానికే వచ్చాడు, నాకు తెలుసు. ఆయన చూపు పుస్తకం మీద పడింది. ఆగిపోయాడు. "పో. బస్సు పోతాది" అన్నాడు.

పరీక్ష మదనపల్లెలో. బస్సు కిటికీ పక్కన కూర్చున్నాక, గుడ్లు ఎప్పుడు తెస్తున్నాడని వదిన ఎందుకు అడిగిందో అప్పుడు తట్టింది. పురుగులు పండే రోజును ఆమె ఆ పూటే లెక్కగట్టింది. పేపర్లో నా టాన్ తీటా రాలేదు. ఎన్నడూ చూడని లెక్క ఒకటి వచ్చింది. తప్పు దారిలో కొంత పోయి, ఇరుక్కుని, వెనక్కి వచ్చి పూర్తిచేశాను.

తిరిగి వచ్చేసరికి గోడల మీద, తట్టల కింద, ఆకు చెత్తలో పురుగులు పట్టు కక్కుకుని ఉన్నాయని అమ్మ చెప్పింది. సగం పంట పోయింది. అమ్మ గడపకు ఆనుకుని కూర్చుని ఉంది, వేళ్లన్నీ పసుపు పట్టి ముడుచుకోవడం లేదు. "రాసినావా?" అంది. రాసినానమ్మా అని ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. ఈసారి ఫార్మలిన్ వల్ల కాదు.

నేను పాసయ్యాను. నాయన మాట మీద నిలబడ్డాడు, డిగ్రీకి పంపాడు. పంట సగం తిన్నది గుడుపల్లె పుస్తకమని, నన్ను గట్టెక్కించింది మాత్రం ఎరువుల అంగడి వాళ్ల గైడని ఆయన చనిపోయే దాకా నమ్మాడు. నేను వాదించలేదు. అమ్మ వేళ్లు గుర్తొస్తే వదిన మీద కోపం కూడా వచ్చేది, అది చాలా ఏళ్లు పోలేదు.

తర్వాత మదనపల్లెలో లెక్కల టీచరునయ్యాను. ఏ పుస్తకం కొనాలి అని పిల్లలూ వాళ్ల పెద్దలూ అడుగుతారు. రాని లెక్క ఒకటి తీసుకుని అంగడికి పొండి, ఎందుకలా చేశాడో ఎవడు చెప్పాడో చూసి వాడి పుస్తకం కొనండి అంటాను. నా మాట నచ్చనివాళ్లు ర్యాంకు వచ్చినవాడి పుస్తకం అడిగి తెచ్చుకుంటారు.

రెండు వేల దశకం చివర్లో వదిన ఫోన్ చేసింది. "ఆ పుస్తకం ఉండాదా? మా పాప లెక్కల్లో తప్పింది." ఆమెను కుప్పం అవతల ఒక పల్లెలో ఇచ్చారు, అక్కడా పట్టుపురుగులే. నేను ఎంచిన కొత్త పుస్తకాలు కొన్ని, వాటితో పాటు ఆ పాతది తీసుకుని పోయాను. ఇంటి పక్కనే పెద్ద షెడ్డు. ఆమె భర్త వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. షెడ్డులోంచి నాకు తెలిసిన వాన చప్పుడు వస్తోంది. అది వినగానే ఇన్నేళ్ల తర్వాత కూడా నేను ఆ షెడ్డుకు దూరంగా జరిగి నడిచాను.

వంటింట్లో కాఫీ కలుపుతూ వదిన మెల్లగా అంది: "నేను తప్పింది లెక్కలు రాక కాదుమే. పరీక్ష దినం మా పురుగులు పండినాయి. మా నాయన పోనీలేదు. ఈ పాప గూడా మార్చిలో అట్లే నిలిచిపాయ. మళ్లీ పరీక్ష రాబోతాండాది."

నేను నోరు తెరిచే లోపలే పాత పుస్తకం నా చేతిలోంచి తీసుకుని గడపలోకి పోయింది. ఆ రోజు మా అత్త వాళ్ల అరుగు మీద విన్న గొంతే, వీధంతా వినబడే గొంతు. "ఈ పుస్తకం మీ ఇంట్లో ఉండంగా మీ పంట ఏమాయ? మీ అన్నకు సెప్పుమే."

ఆమె భర్త నా వైపు తిరిగాడు. గోడకు ఆనుకుని ఆ పిల్ల నిలబడి ఉంది, ఆకు కోసి కోసి పచ్చబడిన వేళ్లు కొంగులో దాచుకుంటోంది. వదిన నన్నే చూస్తోంది, ఒకప్పుడు సున్నం గుంత పక్కన చూసినట్టే.

"సగం పోయింది అన్నా" అన్నాను.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. కూతురి వైపు చూసి, "పాపా, అది ముట్టినాక ఇంగ షెడ్డు పక్కకే రావాకు. ఆకు గూడా ముట్టాకు" అన్నాడు.

వదిన పుస్తకాన్ని కూతురి చేతుల్లో పెట్టింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని, పురుగులకు ఆకు వెయ్యడానికి తనే షెడ్డులోకి పోయింది.